ఉద్దానములో పాత జీపు: పోషణ, ప్రయోజనము

జాతీయ రహదారి మీద పలాస వద్ద గాని, కంచిలి వద్ద గాని దిగి సముద్రము వైపు తిరిగిన వారికి ఉద్దానపు దారుల సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. కొంతదూరము తారు రోడ్డు, తరువాత సిమెంటు రోడ్డు, గ్రామము దాటగానే ఇసుక. ఆ ఇసుక బాటల వెంబడినే కొబ్బరి, జీడి, పనస, మామిడి తోటలున్నవి. ఎండకాలములో జీడిపిక్కలు ఏరి బస్తాలకెత్తిన తరువాత వానిని తోట నుండి రోడ్డు మీదికి చేర్చుట ఒక పెద్ద పని. లగేజీ ఆటో ఇసుకలో ఇరుసు దాకా దిగబడును. ఎడ్లబండ్లు తగ్గిపోయినవి. అందుచేతనే ముప్పది నలువది ఏండ్ల నాటి జీపులు ఈ ప్రాంతపు తోటలలో ఇప్పటికిని తిరుగుచున్నవి.

"ఫలానా చోట పాత జీపు తక్కువకు వచ్చుచున్నది, కొనవచ్చునా?" అని రైతులు మమ్ములను తరచుగా అడుగుచుందురు. విత్తనములు, ఎరువులు చూచుకొనవలసిన వ్యవసాయాధికారికి జీపుతో పనియేమి అని కొందరు అనుకొనవచ్చును. రైతు అప్పు తెచ్చి కొను ప్రతి వస్తువును వ్యవసాయపు పెట్టుబడియే. పంట మీద వచ్చిన లాభమును షెడ్డులో పోయుట ఎట్లు జరుగునో, జరుగకుండ ఎట్లు చూచుకొనవచ్చునో తెలుపుటకే ఈ వ్యాసము.

జీపు పుట్టుక యుద్ధము కొరకు. 1941 నుండి అమెరికాలో విల్లీస్, ఫోర్డు కంపెనీలు రెండవ ప్రపంచ యుద్ధము ముగియు వరకు ఆరు లక్షలకు పైగా జీపులు చేసినవి. 1940 దశకము చివర మహీంద్రా కంపెనీవారు బొంబాయిలో విల్లీస్ జీపులను కూర్చి అమ్మసాగిరి. 1952 అక్టోబరు 2వ తేదీన సమాజ వికాస పథకము ఆరంభమైన తరువాత బ్లాకు జీపు పల్లె పల్లెకు పరిచయమైనది. మన తోటలలో ఇప్పుడు కనబడునవి ఎక్కువగా ఆ తరువాతి కాలపు మహీంద్రా బండ్లు. కొన్ని పెట్రోలువి, ఎక్కువ భాగము డీజిలువి.

ఎంత బరువు మోయవలెను?

జీపు పాడగుటకు మొదటి కారణము వయస్సు కాదు, బరువు. సైన్యమువారు పొట్టి జీపును "పావు టన్ను" బండి అని వర్గీకరించిరి. అమెరికా టన్ను 2,000 పౌండ్లు. అందులో నాలుగవ వంతు 500 పౌండ్లు, అనగా సుమారు 227 కిలోలు. పలాస బజారులో జీడిపిక్కల బస్తా 80 కిలోలు. మూడు బస్తాలైనచో 240 కిలోలు. అనగా దారి లేని చోట ఆ బండి మోయదగినది మూడు బస్తాలు మాత్రమే. పొడుగు చాసిస్ గల జీపులు ఇంతకంటె ఎక్కువ మోయును. కాని మన ప్రాంతములో పొట్టి జీపు మీద ఎనిమిది బస్తాలు వేసి, పైన ఇద్దరు కూలీలను కూర్చుండబెట్టుట మామూలైపోయినది. కమాను కట్టలు చదునైపోవును, పట్టీలు విరుగును, వెనుక ఇరుసు సీళ్లు కారును. అప్పుడు "ముసలి బండి, పనికిరాదు" అందురు. కొత్త బండికైనను అదే గతి పట్టును.

ఖర్చు లెక్క

ఈ లెక్క కాగితము మీద వేయని రైతు జీపు కొనరాదని మా అభిప్రాయము. తోట నుండి పలాస వర్తకుని కొట్టుకు రానుపోను 30 కిలోమీటర్లనుకొనుడు. లీటరుకు 8 కిలోమీటర్లు వచ్చు పెట్రోలు జీపునకు 3.75 లీటర్లు కావలెను. లీటరు 110 రూపాయల చొప్పున వేసినచో సుమారు 412 రూపాయలు. మూడు బస్తాలకు పంచగా బస్తాకు 137 రూపాయలు. సంవత్సరములో మరమ్మతులకు, టైర్లకు, బీమాకు 30,000 రూపాయలై, వంద సార్లు బండి తిరిగినదనుకొనుడు. తిరుగుటకు 300 రూపాయల చొప్పున బస్తా మీద ఇంకొక వంద పడును. మొత్తము 237 రూపాయలు. ఇంతకంటె తక్కువకు ఆటోవారు మోయుచుండగా జీపులో పలాస వరకు తీసికొనిపోవుట దండుగ.

ఇప్పుడు ఇంకొక విధముగా చూడుడు. తోట నుండి గట్టి రోడ్డు వరకు 2 కిలోమీటర్ల ఇసుక. రానుపోను 4 కిలోమీటర్లు. ఇసుకలో లీటరుకు 5 కిలోమీటర్లే వచ్చినను 88 రూపాయల పెట్రోలుతో మూడు బస్తాలు రోడ్డెక్కును. బస్తాకు సుమారు 29 రూపాయలు. అక్కడి నుండి ఆటో మీద పలాస పంపవచ్చును. ఇసుకలో జీపు, రోడ్డు మీద ఆటో అను ఈ ఏర్పాటు చేసికొన్న రైతుల బండ్లు ఎక్కువ కాలము మన్నుచున్నవి. పై అంకెలు ఉదాహరణకు మాత్రమే. మీ బండి మైలేజి, మీ దూరము వేసి మీ లెక్క మీరు చూచుకొనుడు. ఇదివరకే ట్రాక్టరు, ట్రైలరు ఉన్న రైతునకు జీపు అవసరము చాలావరకు లేదు.

ఇసుకలో నడుపు పద్ధతి

జీపునకు నాలుగు చక్రములకును బలమిచ్చు లివరు, దిగువ గేరు లివరు వేరువేరుగా నుండును. ఇసుక మొదలు కాకముందే ఈ రెంటిని వేసికొనవలెను. దిగబడిన తరువాత వేయుట ఆలస్యమగును. చక్రముల గాలి 15, 16 పౌండ్లకు దించినచో టైరు వెడల్పుగా పరచుకొని ఇసుక మీద తేలును. అంతకు తగ్గించరాదు. ట్యూబు టైరైనచో రిమ్ము మీద జారి వాల్వు తెగును. రెండవ గేరులో ఒకే వేగముతో పోవలెను. నడుమ ఆపరాదు, ఒక్కసారిగా ఆక్సిలరేటరు తొక్కరాదు. చక్రము తిరుగుచు బండి కదలకున్నచో వెంటనే కాలు తీయవలెను. ఇంకను తొక్కినచో గొయ్యి లోతగుటయే గాని లాభము లేదు. దిగి, చక్రముల ముందు ఇసుక తీసి, ఎండు కొబ్బరి మట్టలు పరచి, మెల్లగా వెనుకకు తీయవలెను. ఉద్దానములో మట్టలకు కొరత లేదు గదా! ఉదయము మంచు తడి ఉన్నప్పుడు ఇసుక గట్టిగా నుండును. మధ్యాహ్నపు ఎండకు వదులగును. కావున బస్తాలు తోలు పని ఉదయముననే ముగించుట మేలు.

గట్టి రోడ్డు ఎక్కగానే నాలుగు చక్రముల లివరు తప్పక తీసివేయవలెను. ఈ జీపులలో ముందు ఇరుసు, వెనుక ఇరుసు ఒకదానితో ఒకటి బిగిసి తిరుగును. మలుపులో ముందు చక్రములు ఎక్కువ దూరము తిరుగవలసి యుండును. ఇసుకలో ఆ తేడా చక్రము జారి సరిపోవును. తారు మీద జారదు గనుక ఆ ఒత్తిడి అంతయు ఇరుసుల మీద, గేరుపెట్టె మీద, టైర్ల మీద పడును. కొన్నిసార్లు లివరు బిగిసి రాదు. సుత్తితో కొట్టకుడు. బండిని నాలుగు గజములు వెనుకకు నడిపినచో దానంతట అదే వదులును. గాలి కూడ మరల ఎక్కించుకొనవలెను. చేతిపంపు ఒకటి బండిలో ఉండనే ఉండవలెను.

ఉప్పుగాలి, గెడ్డనీరు

బారువ, అక్కుపల్లి, మంచినీళ్లపేట, భావనపాడు వైపు ఉన్నవారికి మెకానిక్కుల కంటె ఉప్పుగాలి పెద్ద శత్రువు. నౌపడా ఉప్పు మళ్లలో తిరుగు బండ్ల సంగతి చెప్పనే అక్కరలేదు. తుప్పు పైకి కనబడు రేకును గాక చాసిస్ లోపలి భాగమును ముందు తినును. సముద్రపు ఒడ్డుకు పోయి వచ్చిన నాడే మంచినీటితో అడుగు భాగమంతయు కడిగి ఆరనీయవలెను. చాసిస్ దూలములకు నీరు పోవుటకు రంధ్రములుండును. అవి మట్టితో మూసికొనిపోయి లోపల తడి నిలిచినచో నాలుగేండ్ల పని రెండేండ్లలో జరుగును. సంవత్సరమున కొకసారి తుప్పు గీకి రెడ్ ఆక్సైడు పూయించుడు. కమాను కట్టల షాకిళ్లకు, ప్రొపెల్లరు షాఫ్టు క్రాసులకు ఇసుకలో తిరుగు కాలములో తరచుగా గ్రీజు కొట్టవలెను. పాత గ్రీజుతో పాటు ఇసుక కూడ బయటికి వచ్చు వరకు కొట్టుట ముఖ్యము.

వానలలో గెడ్డ దాటవలసి వచ్చినచో ముందు ఒక మనిషి కర్రతో లోతు చూడవలెను. పారు నీరు అడుగు లోతున్నను చిన్న బండ్లను తేల్చగలదు. రెండడుగుల ప్రవాహము చాలావరకు బండ్లను లాగికొనిపోవును. జీపు అయినను అంతే. దాటిన తరువాత బ్రేకులు పట్టవు. కొంతదూరము బ్రేకు మెల్లగా తొక్కుచు పోయి డ్రమ్ములను ఆరనీయవలెను. మరునాడు ఇరుసుల నూనె చూడుడు. మజ్జిగ రంగు వచ్చినచో నీరు చేరినదన్నమాట. ఆ నూనె మార్పించకుండ బండి తీయరాదు.

పాత పెట్రోలు జీపులవారికి ఇప్పుడొక కొత్త చిక్కు వచ్చినది. 2025 నాటికి బంకులలో పెట్రోలుతో 20 శాతము ఇథనాలు కలిపి అమ్ముట వచ్చినది. పాతకాలపు రబ్బరు గొట్టములు, కార్బురేటరు వాషర్లు దీనికి ఉబ్బి, పగులును. పెట్రోలు వాసన వచ్చినచో ఉపేక్షింపరాదు, నిప్పు ప్రమాదము. గొట్టములు ఇథనాలుకు తట్టుకొను రకమువి వేయించుకొనుడు. ఇథనాలు తేమను పీల్చును గనుక నెలల తరబడి టాంకీలో పెట్రోలు నిలువ ఉంచకుడు.

ఇన్ని తిప్పలు పడుట ఎందుకు?

కాశీబుగ్గ షెడ్డులో ఒక ముసలి మేస్త్రి తన దగ్గరకు వచ్చిన జీడిరైతుతో అనుచుండగా విన్నాము: "ఇది ముసలి ఎద్దు నాయినా, దీన్ని కొట్టకూడదు, మేపాల." అందుకు ఆ రైతు, "మేపతన్నాను గానీ మావా, ఇది దున్నిన రోజుల కంటే మేసిన రోజులే ఎక్కువైపోనాయి" అన్నాడు. ఇద్దరి మాటయు నిజమే. ఐనను ఆ రైతు దానిని అమ్మలేదు.

ఎందుకనగా, 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాసకు దగ్గరలోనే తీరము దాటినది. గాలి వేగము గంటకు 140 నుండి 150 కిలోమీటర్లు. కొబ్బరి చెట్లు, జీడి చెట్లు దారుల మీద పడిపోయి, కరెంటు లేక, ఊర్లకు ఊర్లు చిక్కుకొనినవి. అటువంటి దినములలో రోడ్డు విడిచి తోటల నడుమ నుండి పోగల బండి, గొలుసు కట్టి దుంగను పక్కకు లాగగల బండి ఊరికి ఎంత సాయమో అనుభవించిన వారికే తెలియును. దానికి కంప్యూటరు పరికరములతో పని లేదు. నాలుగు పానాలు, ఒక తీగ, కొంచెము బుద్ధి ఉన్న కుర్రవాడు ఊరిలోనే చాలా రిపేర్లు చేయగలడు. అట్టి నేర్పు గ్రామములో నిలుచుట కూడ ఒక లాభమే. ఇంజను పంపు చెడినప్పుడు అదే కుర్రవాడు ఉపయోగపడును.

ఒక విషయములో మాత్రము మేము గట్టిగా చెప్పవలసి యున్నది. ఉద్దానములో మూత్రపిండముల జబ్బుతో బాధపడు కుటుంబములు ఎన్నియో కలవు. డయాలసిస్ చేయించుకొనువారు వారమునకు రెండు మూడు సార్లు కేంద్రమునకు పోవలెను. ఒక్కొక్కసారి సుమారు నాలుగు గంటలు పట్టును. పలాసలో 2023 డిసెంబరు 14న కిడ్నీ పరిశోధన కేంద్రము, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైనవి గాని, ఇంటి నుండి అచ్చటికి చేరుట రోగి బాధ్యతయే. ఒక పూట తప్పినచో ప్రాణము మీదికి వచ్చును. అట్టి రోగి ఉన్న ఇంటివారు పాత జీపును నమ్ముకొని కూర్చుండరాదు. గట్టి రోడ్డు వరకు జీపు, అక్కడ ముందుగా మాట్లాడుకొన్న ఆటో, జీపు కదలనిచో పొరుగువారి బండి, ఈ మూడును ముందురోజు సాయంత్రమే ఖాయము చేసికొనవలెను. గ్రామాధికారులు తమ ఊరిలో ఇట్టి రోగుల పేర్లు, వారి వారములు, ఎవరి బండి ఎప్పుడు ఖాళీగా నుండునో వ్రాసి ఉంచుకొన్నచో, తుపాను హెచ్చరిక వచ్చిన నాడు వారిని ముందుగానే కేంద్రము దగ్గరకు చేర్చవచ్చును.

కొనుటకు ముందు

చాసిస్ నెంబరు, ఇంజను నెంబరు రిజిస్ట్రేషను పత్రముతో సరిపోల్చుడు. అంకెలు గీకినట్లున్నచో ఎంత చవుకైనను వద్దు. సొంత బండికి రిజిస్ట్రేషను 15 సంవత్సరములు, తరువాత అయిదేసి సంవత్సరములకు పొడిగించుకొనవలెను. 2022 ఏప్రిల్ నుండి పాత బండ్ల పొడిగింపు రుసుము హెచ్చినది గనుక ఆ సొమ్ము కూడ బేరములో చూచుకొనుడు. సొంత బండిగా రిజిస్టరైన జీపులో కిరాయికి మనుషులను ఎక్కించుట చట్టవిరుద్ధము. ప్రమాదము జరిగినచో బీమావారు సొమ్ము ఇయ్యక పోవచ్చును, తోట అమ్మినను తీరని బాకీ మీద పడవచ్చును.

బండిని మిట్ట మీద ఆపి కిందకు దూరి చూడుడు. చాసిస్ దూలమును చిన్న సుత్తితో తట్టినచో గట్టి ఇనుము కంగుమనును, తుప్పు పట్టినది డొల్ల శబ్దము చేయును. కొత్త రంగు పూసిన చోట మరి గట్టిగా తట్టుడు. ముందు చక్రము జాకీ మీద లేపి పైనను కిందను పట్టి ఊపుడు. ఆడినచో కింగుపిన్ను బేరింగులు అరిగినవి. అట్టి బండి 50 కిలోమీటర్ల వేగములో స్టీరింగు వణకి చేతిలో నిలువదు. ఇంజను పాడైనను మార్పించవచ్చును గాని, చాసిస్ పోయిన బండి తిరిగి బాగుపడదు.

ఇదివరకే జీపు ఉన్నవారు బ్రేకులు, టైర్లు, బాటరీ, స్టెప్నీ, లాగుడు గొలుసు అన్నియు సెప్టెంబరు నెలలోనే చూపించుకొనుడు. తిత్లీ గాక 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్ తుపానులు కూడ అక్టోబరు నెలలోనే వచ్చినవి.