లేని గీతను చూచే మెదడు

తెల్లకాగితంపై త్రిభుజపు మూలలలో ఉన్నట్లుగా మూడు నల్లని బిళ్ళలు గీయండి. రొట్టెనుండి ముక్క కోసినట్లు ఒక్కొక్క బిళ్ళలో 60 డిగ్రీల భాగాన్ని తొలగించి, ఆ ఖాళీలు లోపలివైపునకు తిరిగి ఉండేటట్లు చూడండి. బిళ్ళల నడుమ కాగితం కంటె తెల్లనైన త్రిభుజమొకటి స్పష్టమైన అంచులతో నిలిచినట్లు కనిపిస్తుంది. ఆ అంచులను గీచినవారెవరూ లేరు. ఒక బిళ్ళను చేతితో మూస్తే త్రిభుజం మాయమవుతుంది! ఇటలీ మనస్తత్వ శాస్త్రవేత్త కనీజా 1955లో వెలువరించిన చిత్రమిది.

దీనిని భ్రమ అని కొట్టివేయడం సులభం. కాని ఆ గీత ఎక్కడ పుట్టింది?

గీతలను గుర్తించే నాడీకణాలు మెదడులో ఉన్నాయని హ్యూబెల్, వీజల్ అనే శాస్త్రజ్ఞులు 1959లో పిల్లులపై చేసిన ప్రయోగాలతో చూపారు. ఒక కణం నిలువు గీతకు స్పందిస్తే మరొకటి ఏటవాలు గీతకు స్పందిస్తుంది. ఈ పరిశోధనలకు వారు 1981లో నోబెల్ బహుమతిలో భాగం పొందారు. అయితే అవి కాగితంపై నిజంగా ఉన్న గీతలు. 1984లో వాన్ డెర్ హైట్, ఆయన సహచరులు కోతుల మెదడులోని రెండవ దృష్టి ప్రాంతంలో, లేని గీతకు సైతం స్పందించే కణాలను కనుగొన్నారు. భ్రమ చెదిరేటట్లు చిత్రాన్ని స్వల్పంగా మార్చగానే ఆ స్పందన తగ్గిపోయింది. కనుక ఆ కణాల మటుకు లేని గీత కూడ గీతయే.

ఆరోగ్యవంతుడైన మనిషి మెదడులో సూదులు గుచ్చలేము. 1924లో జర్మనీలో హాన్స్ బెర్గర్ తొలిసారి మానవునిపై ప్రయోగించిన పద్ధతిలో, తలపై అమర్చిన ఎలక్ట్రోడులతో మెదడు తరంగాలను నమోదు చేయవలసిందే. ఒక చిత్రం కలిగించే మార్పు కొద్ది మైక్రోవోల్టులు మాత్రమే. తక్కిన తరంగాల సందడిలో అది మునిగిపోతుంది. అందుచేత చిత్రాన్ని పలుమార్లు చూపి సగటు తీస్తారు. పొంతన లేని తరంగాలు ఒకదానినొకటి రద్దు చేసుకోగా, చిత్రానికి కట్టుబడినది మిగులుతుంది.

ఈ ప్రయోగాలలో అసలు నేర్పు పోలికకు ఎంచుకొనే చిత్రంలో ఉంది. అవే బిళ్ళలను ఖాళీలు బయటివైపునకు ఉండేటట్లు త్రిప్పుతారు. సిరా అంతే, బిళ్ళలూ అవే, త్రిభుజం మాత్రం లేదు. రెండు చిత్రాల స్పందనలలో భేదం సుమారు పదవవంతు సెకను నుండి ఐదవవంతు సెకను లోపల తల వెనుక ప్రక్కభాగాలలో కనిపిస్తుంది. చూచేవాడు ఆలోచించి తీర్మానించేలోగానే అంచు సిద్ధమవుతున్నదన్నమాట.

దీని తరువాత, దాదాపు 280 మిల్లీసెకనుల వద్ద, సెకనుకు 30 మొదలు 40 వరకు కంపించే తరంగాలు బలపడతాయని ఫ్రాన్సులో 1996లో ప్రకటించారు. ముక్కలను ఒక రూపంగా ముడివేసేవి ఇవేనని పలువురు ఉత్సాహపడ్డారు. అయితే 2008లో ఇజ్రాయెల్ పరిశోధకులు మరొక సంగతి చూపారు. చూపు నిలిపినప్పుడు కూడ కన్ను అతి సూక్ష్మంగా కదులుతూనే ఉంటుంది. ఆ కండరాల విద్యుత్తు సరిగా అదే సమయంలో తలపై నమోదై, మెదడు తరంగంవలె భ్రమ గొలుపుతుంది. నాటినుండి కంటి కదలికలను వేరుగా కొలిచి తీసివేయనిదే అటువంటి తరంగాలను సాక్ష్యంగా అంగీకరించడం కష్టమయింది.