ప్రయాగలో కల్పవాసము

గంగా యమునలు కలియు ప్రయాగ పేరు వినని తెలుగువారు అరుదు. పండ్రెండేండ్ల కొకమారు వచ్చు కుంభమేళాను గూర్చియు, అచ్చట చేరు జనసముద్రమును గూర్చియు పత్రికలలో చదువుచునే యున్నాము. కాని కుంభము లేని యేడు గూడ, ప్రతి శీతకాలమునను, ఆ యిసుకమీద ఒక నెల నిలుచు గుడారముల పట్టణ మొకటి వెలయుననియు, అందు నెల పొడుగునను నివసించువారిలో పెక్కురు మన తాతల యీడువారు, అవ్వల యీడువారు ననియు ఎరిగినవారు మనలో తక్కువ. వారిని కల్పవాసులందురు. వారు పూనిన వ్రతమునకు కల్పవాసమని పేరు. వృద్ధులకు కావలసినది వెచ్చని మూలయు, వేళకింత అన్నమును, విశ్రాంతియు నని మన యిండ్లలో చెప్పుకొనుచుందుము. ఆ మాట ఎంతవరకు నిజమో పరీక్షించుటకు ఈ శిబిరముకంటె మంచి చోటు దొరకదు.

మొదట స్థలమును గూర్చి తెలిసికొందము. వర్షకాలమున గంగ పొంగి తన యొడ్డునగల పల్లపు భూమినంతయు ముంచును. శరత్తులో నీరు తీయగా విశాలమైన యిసుకమేట బయటపడును. ఆ మేట యేటేట ఒకే తీరున నుండదు. ప్రవాహము ఒక యేడు ఈ ప్రక్కకు, ఒక యేడు ఆ ప్రక్కకు జరుగుచుండును. కావున అధికారులు ప్రతి సంవత్సరమును క్రొత్తగా కొలతలు వేసి, పటము గీచి, వీధులు నిర్ణయింపవలసి వచ్చును. చక్రములు దిగబడకుండ ఇసుకమీద ఇనుప పలకలు పరచి బాటలు వేయుదురు. పెద్ద ఇనుప పీపాలను నీటిపై వరుసగా తేలవిడిచి వంతెనలు కట్టుదురు. దీపములు, నీటి కుళాయిలు, ఆసుపత్రి, పోలీసు ఠాణా మొదలుగా పట్టణమునకు వలయునవన్నియు వచ్చి చేరును. 2025వ సంవత్సరపు మహాకుంభమునకై ఉత్తరప్రదేశ ప్రభుత్వము ఈ మేళాస్థలమును కొన్ని నెలలపాటు ప్రత్యేక జిల్లాగానే ప్రకటించెను. మనము చిన్ననాట అలహాబాదని చదివిన పట్టణమునకు 2018లో ప్రయాగరాజని పేరు మార్చిరని గూడ విద్యార్థులు జ్ఞాపకముంచుకొనవలెను.

కాలమును గూర్చి మనవారు కొంచెము జాగ్రత్తగా గ్రహింపవలయును. మనకు మాసము అమావాస్యతో ముగియును. ఔత్తరాహులకు పూర్ణిమతో ముగియును. కల్పవాసము పుష్య పూర్ణిమనాడు మొదలై మాఘ పూర్ణిమనాడు ముగియును. వారి లెక్కకు ఇది నిండు మాఘమాసము. మన లెక్కకు అందు మొదటి సగము పుష్య బహుళము. మిథిలా దేశమునుండి వచ్చువారిలో కొందరు మకర సంక్రాంతి మొదలు కుంభ సంక్రాంతివరకు లెక్కింతురు. వారు మౌని అమావాస్య యని పిలిచి లక్షలకొలది స్నానమాడు దినమే మన చొల్లంగి అమావాస్య. కాకినాడ దగ్గర చొల్లంగిలో సాగరస్నానము చేయు మన ముసలమ్మయు, త్రివేణిలో మునుగు అవధ దేశపు ముసలమ్మయు ఆ ఉదయము ఒకే పుణ్యమును గోరి నీటిలో దిగుచున్నారు. చలి మాత్రము ఇరువురకు నొకటి కాదు!

ఈ యాచారము మిక్కిలి ప్రాచీనమని చెప్పుచు, చైనా యాత్రికుడగు హ్యూయెన్‌త్సాంగు క్రీ. శ. 643 ప్రాంతమున ప్రయాగలో చూచిన హర్షచక్రవర్తి దానసభను సాక్ష్యముగా జూపువారు కలరు. నాకది సరిగా తోచదు. అయిదేండ్ల కొకమారు చక్రవర్తి తన బొక్కసమును పంచిపెట్టుట వేరు. సామాన్యుడైన కాపు ముసలివయస్సున ఏటేట వచ్చి నెల దినములు నేలపై పరుండుట వేరు. పదునారవ శతాబ్దమున తులసీదాసు తన రామచరితమానసమున మాఘమాసమందు ప్రయాగకు వచ్చి నెలయంతయు స్నానములు చేసి మరలిపోవు జనులను వర్ణించెను. ఇదియే మన విషయమునకు దగ్గరగా నున్నది. తెలుగువారిలో ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్టణమున బయలుదేరి కాశీయాత్ర సల్పినపుడు ప్రయాగను గూడ దర్శించి, తన కాశీయాత్ర చరిత్రలో వ్రాసియున్నాడు. అయినను మనవారికి ప్రయాగ సాధారణముగా దారిలోని మజిలీ. త్రివేణిలో స్నానముచేసి కాశికి పోయి, అచ్చట తొమ్మిది రాత్రులు నిద్రచేసి వచ్చుట మన పెద్దల యాచారము. నెల దినముల నివాసము గంగాతీరపు పల్లెవారి సొత్తు.

ఇక ఆ పల్లెవారు వచ్చు విధమును చూతము. పూర్వము ఎడ్లబండ్లమీద వచ్చెడివారు; ఇప్పుడు రైళ్లు, బస్సులు, ట్రాక్టర్లు నిండి వచ్చుచున్నారు. నెలకు సరిపడు పిండి, బియ్యము, పప్పు, వంటచెరకు, రజాయిలు, వంటపాత్రలు అన్నియు మూటలు గట్టి తెత్తురు. కొడుకులో మనుమలో వెంట వచ్చి గుడారము సరిచేసి, నేలపై గడ్డి దళముగా పరచి, ఆ గడ్డిమీద పక్క వేసి, ఊరికి మరలిపోవుదురు. తరతరముల యజమానుల వంశావళులు వ్రాసి యుంచుకొను ప్రయాగవాల్ పండాలే తమ తమ యజమానులకు గుడారపు చోటు చూపుదురు. ఒక్కొక్క పండా నివాసమున ఎత్తైన వెదురుకొననుండి ఒక్కొక్క గుర్తుగల జెండా ఎగురుచుండును. అక్షరము రాని యవ్వ ఆ గుర్తు చూచుకొని తన గుడారము చేరుకొనును. గుడారపు వాకిట తులసి నాటి, ప్రక్కన కొంచెము యవలు చల్లుదురు. నెల గడచునప్పటికి ఆ యవలు జేనెడు పచ్చగా మొలచి యుండును.

కల్పవాసికి 21 నియమములని చెప్పుదురు. పద్మపురాణమున దత్తాత్రేయుడు వానిని చెప్పెనని వారి నమ్మకము. సత్యము పలుకుట, జీవహింస మానుట, బ్రహ్మచర్యము, పరనింద చేయకుండుట, కోపమును విడుచుట, మేళా హద్దు దాటకుండుట ఇత్యాదులు అందున్నవి. దినమునకు మూడు స్నానములు, ఒక్క పూట భోజనము, భూమిపై శయనము అనునవి కంటికి కనబడు నియమములు. తెల్లవారక మున్నే లేచి, మంచులో, చీకటిలో, కఱ్ఱ పొడుచుకొనుచు నదికి పోవలయును. జనవరి వేకువలలో అచ్చట చలి పది డిగ్రీలకు దిగువనుండుట సాధారణము. నది యొడ్డు గుడారమునకు దగ్గరగానే యుండునను నిశ్చయము లేదు. కొందరు అరగంటయో, అంతకు మించియో నడువవలసి యుండును. స్నానమైన పిమ్మట జపము. అటుపైన తమ వంట తామే చేసికొనుట. మధ్యాహ్నము రామాయణ భాగవతములు చెప్పు పందిళ్లకు పోయి వినుట. సాయంకాలము మరల స్నానము, తులసి కడ దీపము, భజన, నిద్ర. ఎచ్చట చూచినను ధ్వనివర్ధక యంత్రముల హోరు రాత్రింబవళ్లు సాగుచునే యుండును. ఈ విధముగా పండ్రెండేండ్లు వరుసగా సలిపినవాడు ఉద్యాపనము చేసి, తుదకు శయ్యాదానము చేయును. ఇన్నేండ్ల మాఘములు నేలపై పరుండినవాడు మంచమును, పరుపును ఇతరునికి దానమిచ్చుట యను నీ యేర్పాటు చేసిన పెద్దలు మంచి హాస్యము తెలిసినవారని నాకనిపించును.

లోకవ్యాపారములు కొన్నాళ్లు విడిచి దైవచింతనలో గడపుట అన్ని మతములందును కలదు. రోమను కతోలికులలో ఇగ్నేషియస్ లయోలా యేర్పరచిన ధ్యానవాసము గూడ 30 దినములదే. ముస్లిములు రంజాను నెల తుది పది దినములు మసీదులోనే నిలిచి ఇతికాఫు పాటింతురు. వానిలో మౌనమో ఏకాంతమో ముఖ్యము. ప్రయాగలో ఏకాంత మను మాటకే చోటు లేదు. ఒక గుడారపు త్రాడు మరియొక గుడారపు మేకునకు తగులుచుండును.

ఇంతమంది వృద్ధులను ఇంత చలిలో, ఇంత రద్దీలో ఉంచుట అపాయకరము కాదా యని విద్యార్థులు అడుగవచ్చును. అపాయకరమే. 1954 ఫిబ్రవరి 3వ తేదీని, మౌని అమావాస్యనాడు, స్వతంత్ర భారతమున ప్రయాగలో జరిగిన మొదటి కుంభమున త్రొక్కిసలాట జరిగి వందలకొలది జనులు మరణించిరి. 2025 జనవరి 29వ తేదీని, మరల మౌని అమావాస్యనాడే, అట్టి దుర్ఘటన జరిగెను. ప్రభుత్వము మొదట ప్రకటించిన మృతుల సంఖ్య 30. స్నానపర్వమునాడు ఒక్కదినమునకై వచ్చు జనము నదివలె పొంగి వచ్చునపుడు, నెమ్మదిగా నడచు వృద్ధుల గతి యేమని తలచినచో గుండె ఝల్లుమనును. తప్పిపోవుట మరియొక భయము. తన పల్లె పేరు తప్ప తాలూకా పేరైనను చెప్పలేని ముసలివారు తోడివారినుండి విడివడినచో దిక్కెవరు? ఈ కష్టమును చూచి రాజారామ్ తివారి యను యువకుడు 1946లో భూలే భటకే శిబిరమును స్థాపించెను. రేకుతో చేసిన గొట్టమును నోటికడ పెట్టుకొని తప్పిపోయినవారి పేర్లు కేకలు వేయుచు తిరుగుటతో ఆ పని యారంభమైనది. 2016లో మరణించువరకు ఆయన దానిని విడువలేదు. ఆయన తర్వాత కుటుంబమువారు దానిని సాగించిరి.

ఇన్ని యపాయములు తెలిసియుండగా ఈ నెల వలన వృద్ధులకు మేలా, కీడా యను ప్రశ్నను మన దేశపు, బ్రిటను దేశపు మనశ్శాస్త్రజ్ఞులు కొందరు కలిసి శ్రద్ధగా పరిశోధించిరి. 2012లో ప్రచురింపబడిన వారి పరిశోధనలో నెల పూర్తిగా మేళాలో గడపిన 416 మందిని, ఊళ్లలోనే యుండిపోయిన 127 మందిని మేళాకు నెల ముందొకసారి, ముగిసిన నెలకు మరియొకసారి ఆరోగ్యమును, మనస్సు నిలుకడను గూర్చి ప్రశ్నించిరి. యాత్రకు పోనివారితో పోల్చి చూడగా, పోయివచ్చినవారు తాము మునుపటికంటె బాగున్నామని చెప్పిరి. చలి, రొద, రద్దీ వారిని క్రుంగదీయలేదు.

రొద మాట వచ్చినది గనుక 2013లో ప్రచురింపబడిన మరియొక పరీక్షను చెప్పెదను. ఏమిటో స్పష్టముగా తెలియని పెద్ద చప్పుడును వినిపించి, కొందరికి ఇది మేళాలోని ధ్వని యనియు, కొందరికి ఇది పట్టణపు వీధిలోని రొద యనియు చెప్పిరి. చప్పుడు ఒక్కటే. మేళా ధ్వని యని తలచినవారు దానిని ఎక్కువసేపు ఓర్చి విన్నారు. వారికది అంత చెడ్డగా తోచలేదు. చలిని గూర్చి యాత్రికులను అడిగి 2014లో ప్రకటించిన పరిశీలనలోను ఇట్టిదే కనబడినది. చలి లేదని వారనలేదు. చలిని సహించుట కల్పవాసి పని యని యెంచుటయు, ప్రక్కవారు తమవారే యను భావముతో ఒకరికొకరు సాయపడుటయు వారికి బలమైనవి.

ఈ లెక్కలను పట్టుకొని చన్నీటి స్నానము ముసలివారికి ఔషధమని చాటుట తగదు. యాత్రికులు తమ స్థితిని తామే చెప్పుకొనిన మాటలవి. వైద్యుడు నాడి పట్టి చూచినవి కావు. నడువలేనివారు, నెల గ్రాసమునకు సొమ్ము లేనివారు, ఇంట రోగిని విడిచి రాలేనివారు మొదటనే ఆగిపోయిరి. చేరగలిగినవారు చేరగల శక్తి కలవారే. గుండెజబ్బు గలవారిని వేకువ స్నానమునకు దింపుట నే నొప్పుకొనను. అయినను ఆ పరిశోధనలను త్రోసివేయుటకు వీలులేదు.

నాకు తోచిన కారణ మొకటి చెప్పెదను. ఇంట్లో అవ్వ బిందె ఎత్తబోయిన “నీకెందుకమ్మా, కూర్చో” అని కోడలు లాగికొనును. ప్రేమతోనే యనును. కాని అట్లు దినమునకు పదిమార్లు విన్న మనిషికి తాను చేయవలసినది లోకములో నింకేమియు లేదని తోచును. కల్పవాసములో ఆమె నీరు ఆమెయే తెచ్చుకొనవలెను. ఆమె రొట్టె ఆమెయే కాల్చుకొనవలెను. ప్రక్క గుడారపు వృద్ధునికి జ్వరము వచ్చిన గంజి కాచి యిచ్చునది గూడ ఆమెయే. ఊరిలో ఆమె ఫలానివాని తల్లి, ఫలానివాని నాయనమ్మ. ఇచ్చట ఆమె కల్పవాసి. ఇది ఆమెకు తొమ్మిదవ యేడు. ఇంకను మూడేండ్ల పని మిగిలియున్నది. డెబ్బదియేండ్ల మనిషికి ముందున్న మూడేండ్లను లెక్కపెట్టుకొను కారణము మన యిండ్లలో ఎవరిచ్చుచున్నారు?

మాఘ పూర్ణిమనాడు తుది స్నానము. మొలచిన యవలను గంగలో విడుతురు. కొందరు కొన్ని మొలకలను ప్రసాదముగా ఇంటికి కొనిపోవుదురు. తులసికుండ బండి యెక్కును. కొడుకులు, మనుమలు వచ్చి మూటలు కట్టుచుండగా గుడారముల నడుమ నిలబడి అవ్వలు ఒకరి యూరు పేరు ఒకరు మరల మరల అడిగి తెలిసికొందురు. వృద్ధులు వెడలిన తర్వాత శివరాత్రి స్నానముతో మేళా ముగియును. పిమ్మట ఇనుప పలకలు, పీపాలు, స్తంభములు ఊడదీసి గిడ్డంగులకు చేర్తురు. శ్రావణము నాటికి ఆ వీధులున్న చోట గంగ నిండుగా పారుచుండును.