చేతికొచ్చేది ఎంతో అడిగి చేరండి

ప్రశ్న: ఈ ఏడాదే జీఎన్‌ఎం పూర్తయింది. హైదరాబాద్‌లో ఓ పెద్ద ఆసుపత్రి నెలకు 18 వేలు ఇస్తామంటోంది. రెండేళ్లు బాండ్ రాయాలట, ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరే ఉంచాలట. చేరమంటారా?
– ఓ సోదరి, జనగామ

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆ 18 వేలు సీటీసీయా, చేతికొచ్చే జీతమా అని అడగండి. సీటీసీ అంటే మీ పేరున ఆసుపత్రికయ్యే మొత్తం ఖర్చు. అందులో యాజమాన్యం కట్టే పీఎఫ్, ఈఎస్‌ఐ వాటాలు కూడా కలిసి ఉంటాయి. బేసిక్ 10 వేలు అనుకుందాం. దాని మీద 12 శాతం చొప్పున యాజమాన్యం 1,200 కడుతుంది, మీ నుంచి మరో 1,200 కోస్తుంది. ఈఎస్‌ఐకి వాళ్లది 3.25 శాతం, మీది 0.75 శాతం. ఆపైన వృత్తి పన్ను 150. ఇవన్నీ పోను మీ చేతికొచ్చేది సుమారు 14,800. హాస్టల్, మెస్ డబ్బులు కూడా జీతంలోనే పట్టుకుంటే అది ఇంకా తగ్గుతుంది. ఇంటర్వ్యూ గదిలో ఈ లెక్క అడగడానికి చాలామంది పిల్లలు మొహమాటపడతారు. దయచేసి పడకండి. మూడేళ్లు చదివి, వార్డుల్లో రాత్రింబవళ్లు క్లినికల్ డ్యూటీలు చేసి వచ్చినవాళ్లు మీరు.

పీఎఫ్, ఈఎస్‌ఐ కోతలను నష్టం అనుకోవద్దు. నెలకు 21 వేల లోపు జీతం ఉన్నవారికి ఈఎస్‌ఐ వర్తిస్తుంది. మీతోపాటు మీ మీద ఆధారపడిన కుటుంబానికీ వైద్యం అందుతుంది. తగినన్ని రోజుల చందా జమయ్యాక జబ్బుచేసి సెలవు పెడితే ఏడాదిలో 91 రోజుల వరకు 70 శాతం వేతనం, కాన్పుకు 26 వారాల పూర్తి వేతనం వస్తాయి. నేను భయపడేది కోత పడ్డాక డబ్బు జమకాని చోట్ల గురించి. చేరిన నెలలోనే యూఏఎన్ నంబరు తీసుకుని, పాస్‌బుక్‌లో రెండు వాటాలూ పడుతున్నాయో లేదో చూసుకోండి.

నర్సు ఉద్యోగంలో జీతంతో సమానమైన ప్రశ్నలు ఇంకొన్ని ఉన్నాయి. నెలకు నైట్ డ్యూటీలు ఎన్ని? నైట్ల తర్వాత ఆఫ్ ఇస్తారా? ఒక నర్సుకు ఎంతమంది రోగులను అప్పగిస్తారు? హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ ఆసుపత్రి ఖర్చుతో వేయిస్తారా? వాడిన సూది గుచ్చుకుంటే పరీక్షలు, మందుల ఖర్చు ఎవరిది? హెచ్‌ఐవీ సోకకుండా వేసే మందులు వీలైనంత త్వరగా, 72 గంటలు దాటకుండా మొదలుపెట్టాలి. ఆ సమయంలో బిల్లు ఎవరు కడతారన్న చర్చకు తావుండకూడదు. చేరేముందే తేల్చుకోండి.

ఇక బాండ్. ఎంత మొత్తానికి, దేనికి రాయించుకుంటున్నారో చదవకుండా సంతకం పెట్టకండి. మధ్యలో మానేసినా, కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం వాళ్లు కోరగలిగేది సమంజసమైన పరిహారమే. కాగితం మీద రాసిన అంకె దానికి గరిష్ఠ పరిమితి, అంతే. ఒరిజినల్స్ మాత్రం ఎవరి చేతిలోనూ వదలొద్దు. చూపించండి, సంతకం చేసిన జిరాక్స్ ఇవ్వండి, వెనక్కి తెచ్చుకోండి. రేపు ప్రభుత్వ పోస్టుకు సర్టిఫికెట్ల పరిశీలనకు పిలిస్తే మీ చేతిలో ఉండాల్సింది అవే. ఆసుపత్రి ఇందుకు ఒప్పుకుని, అపాయింట్‌మెంట్ లెటర్‌లో జీతం వివరాలు విడివిడిగా రాసిస్తే చేరండి. ఒప్పుకోకపోతే ఇంకో ఆసుపత్రి చూసుకోండి.

ప్రశ్న: మా అమ్మాయి కూడా జీఎన్‌ఎం చేసింది. మా ఊళ్లోనే 30 పడకల నర్సింగ్ హోమ్‌లో 10 వేలు చేతికి ఇస్తామంటున్నారు. ఇంటి దగ్గరే కదా అని పంపిద్దామనుకుంటున్నాం.
– ఓ తండ్రి, మార్కాపురం

జవాబు: అయ్యా, ఇంటి దగ్గర ఉండటం మంచిదే. ఒక్క విషయం చూడండి. ఎయిమ్స్ వంటి కేంద్ర సంస్థల్లో నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు జరిగే నార్‌సెట్ రాయాలంటే జీఎన్‌ఎం వాళ్లకు కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం ఉండాలి. 30 పడకల చోట ఎన్నేళ్లు చేసినా అది లెక్కలోకి రాదు. ఆ పోస్టుకు మొదటి నెల మూల వేతనమే 44,900, దానిపై కరవు భత్యం, ఇంటి అద్దె భత్యం, నర్సింగ్ అలవెన్సు అదనం. 10 వేల కోసం ఆ దారి మూసుకోవద్దు.

ఆ 10 వేలు న్యాయమైన జీతమూ కాదు. 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశం మేరకు ఏర్పడిన కేంద్ర కమిటీ, 50 పడకల లోపు ఆసుపత్రిలోనూ నర్సుకు నెలకు 20 వేలకు తగ్గకూడదని చెప్పింది. 200 పడకలు దాటితే రాష్ట్ర ప్రభుత్వ నర్సులతో సమానంగా ఇవ్వాలంది. 100 నుంచి 200 పడకల చోట 10 శాతానికి, 50 నుంచి 100 పడకల చోట 25 శాతానికి మించి తగ్గించొద్దంది. ఇవి సిఫారసులే, చట్టం కాదు. కానీ కేరళలో నర్సులు సంఘంగా నిలబడి ఏళ్ల తరబడి పోరాడితే, 2018లో అక్కడి ప్రభుత్వం 20 వేల కనీస వేతనాన్ని నోటిఫై చేసింది. మన రెండు రాష్ట్రాల్లో ప్రైవేటు నర్సులకు రావాల్సింది కూడా అలాంటి ఉత్తర్వే. నర్సింగ్ సంఘాలు ఈ డిమాండును వదలకూడదు.

ప్రశ్న: తెలంగాణ ప్రభుత్వ ఆసుపత్రిలో కాంట్రాక్టు పోస్టు వచ్చేలా ఉంది. పర్మినెంట్ కానప్పుడు చేరడం దండగ అంటున్నారు.
– ఓ పాఠకురాలు, నల్గొండ

జవాబు: దండగ కాదు. రెగ్యులర్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టుకు వైద్యారోగ్య నియామక బోర్డు 80 మార్కులకు రాత పరీక్ష పెట్టి, మిగతా 20 మార్కులను ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సేవకు కేటాయించింది. ఆరు నెలలకు 2 మార్కులు, గిరిజన ప్రాంతాల్లో అయితే 2.5. గత నోటిఫికేషన్లలో ఆ పోస్టు స్కేలు 36,750 నుంచి మొదలైంది. చేరండి, సేవా ధ్రువపత్రం ఎప్పటికప్పుడు తీసుకోండి, డ్యూటీ లేని పూట పరీక్షకు చదవండి.

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ చేసి ఏడాదిగా పనిచేస్తున్నాను. లండన్‌లో ఉద్యోగం ఇప్పిస్తానని ఓ ఏజెంటు 4 లక్షలు అడుగుతున్నాడు. కట్టొచ్చా?
– ఓ సోదరి, రాజమహేంద్రవరం

జవాబు: కట్టొద్దు. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో కొత్త నర్సు చేరేది బ్యాండ్ 5లో. 2025-26లో ఇంగ్లండ్‌లో దాని ప్రారంభ జీతం ఏడాదికి 31,049 పౌండ్లు. ఆ ఉద్యోగానికి కావాల్సింది ఐఈఎల్‌టీఎస్ లేదా ఓఈటీలో తగిన స్కోరు, అక్కడి నర్సింగ్ కౌన్సిల్ పెట్టే పరీక్షలు. ఏజెంటు మీ బదులు అవి రాయలేడు. నియామకం కోసం అభ్యర్థి దగ్గర ఫీజు తీసుకోకూడదన్నది బ్రిటన్ నియమావళి. మన దేశ నిబంధనల్లోనూ లైసెన్సున్న ఏజెంటు తీసుకోగలిగే గరిష్ఠ సేవా రుసుము 30 వేలు, దానిపై జీఎస్టీ. విదేశాలకు పంపడానికి తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ అనే ప్రభుత్వ సంస్థలే ఉన్నాయి. ముందు అక్కడ పేరు నమోదు చేసుకోండి. ఎవరికైనా రూపాయి ఇచ్చే ముందు, ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో అతని లైసెన్సు ఉందో లేదో చూడండి.