వాగ్దానం గోడ మీద ఉంది, మరి ఆజ్ఞ?

అల్వాల్, మచ్చబొల్లారం, లోతుకుంట గల్లీల్లో చాలా క్రైస్తవ ఇళ్లలో గోడకు ఒక వాగ్దాన వచనం కనిపిస్తుంది. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసుకున్న కార్డు ఏడాదంతా ఫ్రిజ్ మీదో, బైబిలు పేజీల మధ్యో ఉంటుంది. మంచి అలవాటే. కష్టంలో ఉన్న మనిషిని ఆ ఒక్క మాట నిలబెడుతుంది. కానీ ఆజ్ఞ రాసి ఉన్న కార్డు మీకెప్పుడైనా వచ్చిందా? కూలివాడి కూలి తెల్లారేదాకా దగ్గర పెట్టుకోవద్దని చెప్పే లేవీయకాండము 19:13 ఎవరి గోడకైనా వేలాడుతోందా? దేవుడు మనకు ఏం చేస్తాడో చెప్పే మాటలు ఏరుకుని, మనల్ని ఏం చేయమన్నాడో చెప్పే మాటలను పాస్టరు గారి ప్రసంగానికి వదిలేస్తున్నాం. రోజూ బైబిలు చదువుతున్నా బతుకు మారడం లేదని బాధపడేవాళ్లు ముందు ఇక్కడ చూసుకోవాలి.

ఆ లేవీయకాండము వచనాన్నే పట్టుకోండి. ఇంట్లో గిన్నెలు తోమే అక్కకు ఒకటో తారీఖున జీతం ఇవ్వాలి. మీరు ఐదో తారీఖున ఇస్తారు. మీకది నాలుగు రోజుల ఆలస్యమే. ఆమెకు ఇంటి అద్దె, చిట్టీ, పిల్లల ఫీజు అన్నీ ఆ నాలుగు రోజుల్లోనే వచ్చి పడతాయి. అడ్డా మీద నుంచి పిలుచుకొచ్చిన మేస్త్రీని పొద్దుగూకాక ‘రేపు రా’ అని పంపినా అంతే. పట్టి ఉంచిన కూలి మొరపెడుతుందనీ, ఆ మొర దేవుడి చెవిన పడుతుందనీ యాకోబు పత్రిక 5:4 హెచ్చరిస్తుంది. ఫోన్‌లో డబ్బు పంపడానికి నిమిషం పట్టదు. ఉపవాస ప్రార్థనకు బయల్దేరే ముందు ఆ నిమిషం వెచ్చించండి.

ఇలా వాక్యాన్ని చేతల్లో పెట్టినవాళ్లు మన చుట్టుపక్కలే తిరిగారు. 1895లో ఇంగ్లండు నుంచి సికింద్రాబాద్ వచ్చిన వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ మొదట మన పక్కనున్న తిరుమలగిరిలోనే బ్రిటిష్ సైనికుల మధ్య పనిచేశాడు. అక్కడే స్థిరపడొచ్చు. కానీ మరుసటి ఏడాదే మెదక్ పల్లెలకు వెళ్లాడు. తర్వాత కరువొచ్చి జనం తిండికి అల్లాడినప్పుడు, చర్చి కట్టడంలో వాళ్లకు పని కల్పించి, పనికి బదులు తిండి పెట్టాడు. 1914లో మొదలైన ఆ కట్టడం పదేళ్లు సాగి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరుపుకుంది. క్రిస్మస్‌కు మెదక్ వెళ్లినవాళ్లు 175 అడుగుల గోపురాన్ని తలెత్తి చూస్తారు. నన్ను కదిలించేది ఆ ఎత్తు కాదు. ఆకలితో వచ్చిన మనిషి చేయి చాచకుండా, కష్టపడి సంపాదించిన కూడు తన పిల్లలకు పట్టుకెళ్లాడు చూడండి, అది. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టమన్న మత్తయి 25వ అధ్యాయాన్ని అంతకన్నా బాగా ఎవరు వివరించగలరు? ఒంగోలులో మిషనరీగా పనిచేసిన క్లౌ దొర కూడా 1876–78 కరువులో ఇదే చేశాడు. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని జనానికి కూలి ఇచ్చాడు.

మనం గోపురాలు కట్టక్కర్లేదు, కాలువలూ తవ్వక్కర్లేదు. తెలుగు సంఘాల్లో స్త్రీలకు పిడికెడు బియ్యం అలవాటు ఉండేది, కొన్నిచోట్ల ఇంకా ఉంది. ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి కుండలో వేసి, ఆదివారం గుడికి తెచ్చేవారు. 1912లో భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్ అయిన డోర్నకల్ అజరయ్య గారు కానుకల గురించి ఒక పుస్తకమే రాశారు. నెలాఖరున మిగిలితే ఇద్దాం అనుకునేవాడికి ఎప్పుడూ మిగలదు. వండకముందే తీసిపెట్టే ఇల్లాలు పేదదైనా ఇవ్వగలిగింది.

అన్నిటికన్నా కష్టమైన ఆజ్ఞ మత్తయి 5:23–24. కానుక తెచ్చి బలిపీఠం దగ్గర నిలబడ్డావు, సహోదరుడికి నీ మీద ఏదో ఉందని గుర్తొచ్చింది. కానుక అక్కడే విడిచి ముందు వెళ్లి సమాధానపడమంటుంది. శామీర్‌పేట దాకా ఎన్ని ఇళ్లలో భూమి పంపకాల దగ్గర అన్నదమ్ముల మాటలు ఆగిపోలేదు? ఇద్దరూ ఒకే సంఘంలో చెరో వరుసలో కూర్చుంటారు. ఈ వచనాన్ని జాగ్రత్తగా చదవండి. ఎవరి మీద ఫిర్యాదు ఉందో వాడే లేచి వెళ్లాలి. కొట్టిన భర్త వెళ్లి తప్పు ఒప్పుకోవాలి గానీ, దెబ్బలు తిన్న ఆడబిడ్డను సర్దుకుపొమ్మని దీన్ని చూపించి ఒత్తిడి చేయకూడదు. వాక్యం పేరుతో అలాంటి సలహా ఇచ్చే పెద్దలు దయచేసి మానుకోండి. ఆమెకు కావలసింది రక్షణ.

చదివింది చేశామో లేదో చూసుకోవడానికీ పాత పద్ధతి ఒకటుంది. ఓల్డ్ అల్వాల్‌లో 1976 నుంచి ఉన్న లొయోలా అకాడమీ జెస్యూట్ ఫాదర్లది. వాళ్ల సభను స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా రోజూ మనసును పరీక్షించుకోమన్నాడు. ముందు కృతజ్ఞత, తర్వాత వెలుగు కోసం ప్రార్థన, ఆ రోజును గంట గంటగా నెమరేసుకోవడం, తప్పిన చోట క్షమాపణ, రేపటికి ఒక తీర్మానం. పడుకునే ముందు పది నిమిషాలు చాలు. ‘గంట గంటగా’ అన్న మాట వదలకండి. ‘ప్రభువా, నేను పాపిని’ అని మొత్తంగా ఒప్పుకోవడం తేలిక. మధ్యాహ్నం మూడింటికి ఆఫీసులో ఆ కుర్రాడి మీద అరిచానని ఒప్పుకుంటేనే, రేపు అతన్ని పిలిచి మాట్లాడే ధైర్యం వస్తుంది.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగేవాళ్లకు సామెతల గ్రంథం చెబుతాను. 31 అధ్యాయాలు, తేదీకొకటి. ఇవాళ్టి తేదీ చూసి ఆ అధ్యాయం తెరవండి. చేయమనో మానమనో చెప్పే ఒక్క వచనం కింద గీత గీసి, అది ఎవరి విషయంలో, ఎన్ని గంటలకు చేస్తారో పక్కన పెన్సిల్‌తో రాసుకోండి. మనిషి పేరు రాయలేకపోతే ఇంకో వచనం వెతకండి.