రిపోర్టు కోసం నిరీక్షణ - విశ్వాసి వైఖరి

జుమా నమాజు ముగిసి అందరూ వెళ్ళిపోయినా ఒక యువకుడు మస్జిదులోనే ఆగిపోయాడు. గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసే కుటుంబం. మెడ దగ్గర గడ్డలు వస్తే పరీక్ష చేసి లింఫోమా అన్నారు. ఆరు నెలల కీమో పూర్తయింది. చివరి స్కాన్ కూడా తీశారు. రిపోర్టు మాత్రం ఇంకా చేతికి రాలేదు.

"హజ్రత్! స్కాన్‌లో ఉండేదేదో ఇప్పటికే ఉంది. ఇప్పుడు దుఆ చేస్తే రిపోర్టు మారుతుందా?" అని అడిగాడు.

ఇది అవిశ్వాసి వేసిన ప్రశ్న కాదు. నిద్రపట్టని రాత్రులు వేయించిన ప్రశ్న.

దుఆ దేనికి?

దిగివచ్చిన ఆపదలోనూ, ఇంకా దిగిరాని ఆపదలోనూ దుఆ మేలు చేస్తుందని, కనుక దాన్ని విడవవద్దని దైవప్రవక్త (స) బోధించినట్లు తిర్మిజీ గ్రంథంలో ఉంది. రిపోర్టు వ్యాధిని గురించిన వార్త మాత్రమే. స్వస్థత ఇచ్చేవాడు అల్లాహ్. వార్త మంచిదైతే ఆ స్వస్థత నిలవాలని, కాకపోతే తదుపరి చికిత్స ఫలించాలని, ఏది వచ్చినా ఈమాన్ చెదరరాదని వేడుకోవాలి. కాబట్టి దుఆకు సమయం మించిపోలేదు.

హజ్రత్ యాఖూబ్ (అలై) నిరీక్షణ

దివ్యఖుర్ఆన్‌లోని యూసుఫ్ సూరా చదవండి. యూసుఫ్ (అలై) దూరమై ఏళ్ళు గడిచాక చిన్న కుమారుడు కూడా ఈజిప్టులో నిలిచిపోయాడన్న వార్త వచ్చింది. తండ్రి కళ్ళు దుఃఖంతో తెల్లబడిపోయాయి. కాని ఆయన విలపిస్తున్న ఆ రోజుల్లోనే కుమారులిద్దరూ ఈజిప్టులో క్షేమంగా ఉన్నారు. కారుణ్యం ముందే సిద్ధమైంది, కబురే చేరలేదు.

ఇందులో మనకు మూడు పాఠాలున్నాయి. కన్నీరు సహనానికి విరుద్ధం కాదు. ఆయన తన బాధను అల్లాహ్‌కే విన్నవించుకున్నారు. చేతులు ముడుచుకుని కూర్చోకుండా, వెళ్ళి వెతకండని, అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందవద్దని కుమారులకు చెప్పారు (12:86, 87).

దీని అర్థం ప్రతి రిపోర్టూ మనం కోరినట్లే వస్తుందని కాదు. ఏది వచ్చినా అల్లాహ్ దాసుణ్ణి విడిచిపెట్టడని.

స్కాన్ సంగతి తెలుసుకోండి

పెట్ స్కాన్‌కు ముందు స్వల్ప రేడియోధార్మికత గల ఒక రకం చక్కెరను రక్తంలోకి ఎక్కిస్తారు. చురుకైన క్యాన్సర్ కణాలు దాన్ని ఎక్కువగా పీల్చుకుని చిత్రంలో మెరుస్తాయి. అయితే టీబీ, ఇతర ఇన్ఫెక్షన్లు, వాపులు కూడా మెరుస్తాయి. అందుకే కీమో ముగిశాక సాధారణంగా 6 నుంచి 8 వారాలు ఆగి స్కాన్ తీస్తారు. కల్లంలో మిర్చి ఆరకముందే బస్తాలకెత్తితే బూజు పడుతుందని మన రైతుకు తెలుసు. ఇక్కడా తొందరపడితే తప్పుడు ఫలితం రావచ్చు.

మెరుపును వైద్యులు 1 నుంచి 5 వరకు అంచనా వేస్తారు. 1, 2, 3 అయితే సాధారణంగా చికిత్సకు బాగా స్పందించినట్లు. 4, 5 అయితే మళ్ళీ పరీక్షించాలి, అవసరమైతే ముక్క తీసి చూడాలి. వ్యాధి మిగిలి ఉన్నా వేరే మందులు, మూలకణాల మార్పిడి వంటి మార్గాలున్నాయి. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో నాట్కో క్యాన్సర్ కేంద్రం ఉంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై నేడు ఎన్టీఆర్ వైద్య సేవగా ఉన్న పథకంలో క్యాన్సర్ చికిత్సలున్నాయి.

మన బాధ్యతలు

1. నమాజు వదలకండి. నిలబడలేకపోతే కూర్చుని, అదీ కాకపోతే పడుకుని చేయవచ్చు.

2. ఫలితం ముందే చెబుతామనే జ్యోతిష్కుల గడప తొక్కకండి. అగోచరం అల్లాహ్‌కే తెలుసు.

3. బంధువులు రోజూ "రిపోర్టు వచ్చిందా?" అని గుచ్చి అడగవద్దు. దైవప్రవక్త (స) రోగిని పరామర్శిస్తూ ఆశ కలిగించే మాటే పలికేవారు. ఆస్పత్రికి తోడు వెళ్ళండి. వాళ్ళ పొలంలో పత్తితీత ఆగిపోతే ఒక రోజు చెయ్యి కలపండి.

4. రిపోర్టు బాగుంటే షుక్ర్ సజ్దా చేయండి, సదఖా ఇవ్వండి. కాని తర్వాతి పరీక్షలు మానకండి. వ్యాధి తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండేళ్ళలోనే తిరగబెడుతుంది.

ఇవన్నీ విని ఆ యువకుడు ఒకటే అన్నాడు: "అమ్మకు కూడా ఇదే చెప్పండి హజ్రత్. నాకంటే ఆమే ఎక్కువ భయపడుతోంది." ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. ముగ్గురం చేతులెత్తాం.

నిరీక్షిస్తున్న ప్రతి ఇంటికీ అల్లాహ్ స్వస్థతను, స్థిమితాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.