అద్దం మారింది సరే.. కెమెరా సంగతేంటి?

రావులపాలెం నుంచి అమలాపురం వస్తుంటే లారీ టైరు కింద నుంచి ఎగిరిన రాయి తగిలి మా హోండా సిటీ హైబ్రిడ్ ముందు అద్దం పగిలింది. లోకల్ షాపులో అడిగితే "ఆయ్, గ్లాసే కదండీ, ఒక్క పూటలో మార్చేత్తాం" అన్నారు. "మరి కాలిబ్రేషన్?" అన్నాను. "అదేంటండి?" అన్నారు.

ఫ్రెండ్స్, అసలు పాయింట్ ఇదే. 2022 మేలో మన దేశంలో లాంచ్ అయిన ఈ కారులో హోండా సెన్సింగ్ ఉంది. లేన్ గుర్తుపట్టేది, ఢీకొట్టేలా ఉంటే బ్రేక్ వేయించేది అద్దం వెనకున్న కెమెరా చూపే. అద్దం మార్చాక ఆ చూపు ఒక్క డిగ్రీ పక్కకు తిరిగినా 50 మీటర్ల దూరంలో సుమారు 87 సెంటీమీటర్ల తేడా వస్తుంది. మా కాలవగట్టు రోడ్ల మీద అది చాలా ఎక్కువ. పైగా రోజూ ఈ కారు నడిపేది నాన్న.

అందుకే సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాను. మీరూ ఇవి అడగండి:

1. కెమెరా బ్రాకెట్ ఉన్న, మీ వేరియంట్ గ్లాసేనా?
2. అద్దం అంటించే గమ్ గట్టిపడే వరకు ఎంతసేపు కారు కదపకూడదు? చాలా కార్లలో ప్యాసింజర్ ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేటప్పుడు అద్దాన్నే ఆనుకుంటుంది.
3. కాలిబ్రేషన్ చేసి రిపోర్ట్ ఇస్తారా?

ఇంకోటి, హైబ్రిడ్‌లో ఇంజిన్ సౌండ్ లేదంటే కారు ఆఫ్‌లో ఉన్నట్టు కాదు. పని మొదలుపెట్టే ముందు డ్యాష్‌బోర్డ్‌లో రెడీ లైట్ ఆరిందో లేదో చూడండి.