నోటి కథ - అచ్చు కథ

జానపద కథకు కర్త పేరుండదు, జనప్రియ పుస్తకానికి అట్ట మీదే ఉంటుంది. రెండూ వేరంటారు గానీ నాకు చుట్టాలనిపిస్తాయి.

మధిర సుబ్బన్న దీక్షితులు గారి ‘కాశీ మజిలీ కథలు’ చూడండి. కాశీకి నడిచిపోతూ మణిసిద్ధుడు తోడొచ్చిన గొల్ల కుర్రవాడికి మజిలీకొక కథ చెబుతాడు. అంటే అచ్చు పుస్తకం కూడా నోటి కథ వేషమే వేసింది! అందులోని కథ ఆధారంగానే 1951లో ‘పాతాళ భైరవి’ సినిమా వచ్చింది. తోటరాముడు, నేపాళ మాంత్రికుడు మళ్ళీ జనం నోళ్ళలో పడ్డారు.

తేడా ఎక్కడంటే, అచ్చయిన కథ మారదు. మా అవ్వ కోయ భాషలో చెప్పే కథలో ఒకసారి నక్క గెలుస్తుంది, ఇంకోసారి ఎండ్రకాయ. ఏది అసలుదని అడిగితే నవ్వుతుంది. ఒక్కటే రాస్తే రెండోది పోతుంది. అందుకే సెలవుల్లో రెండూ రాసుకొస్తాను. మీరూ రాసి తెస్తే, చెప్పినవాళ్ళ పేరు, ఊరు కింద రాయండి.